రెండో చరణంలో గిన్నెకోడి

కొన్ఫెసోర్ లిరియానో అకార్డియన్‌లో గిన్నెకోడి కాపురం పెట్టి పదకొండేళ్ళయింది. కుడిచేతి వైపు మూడో వరసలో స్వరం పలికే రీడు రేకు ఒకటి విరిగింది. ఆ బటన్ నొక్కితే చాలు, పాట ఎంత సుకుమారమైనదైనా సరే, పొదల్లో తరుముతుంటే గిన్నెకోడి అరిచినట్టు "క్కే...ర్రాక్!" అనేది. పోనీ ఆ బటన్ వదిలేసి వాయిద్దామంటే పాట కుంటేది.

వారమంతా అతను క్షవరాలు చేసుకునే మనిషి. ఆదివారం నాలుగింటికి మాత్రం దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సాంతా బార్బరా చర్చి వెనక మూలకి అకార్డియన్ మోసుకొచ్చేవాడు. అక్కడ దోన్యా ఎనేరియా పెద్ద మూకుడు పెట్టి పంది తోలు చెక్కులు వేయించేది. పక్కనే ఆమె వదినగారు దోన్యా బెలికా పీపాలో మబీ అమ్మేది. చెట్టు బెరడు పులియబెట్టిన ఆ పానీయం నోటికి తీపి, గొంతుకి చేదు. దోన్యా బెలికా మాట మాత్రం రెండింటికీ చేదే. తంబోర డోలు పెర్సియోది. చిల్లుల రేకు గొట్టాన్ని గీకుతూ తాళం వేసేది మేలిదో. మేలిదో మూడేళ్ళకోసారి మాట్లాడేవాడు.

మెరెంగే నాట్యం పాట మొదలైతే ఆ రాళ్ళ వీధిలో నడవడానికి చోటుండేది కాదు. రెండో చరణం ఏడో అడుగు దగ్గర గిన్నెకోడి కూసేది. జనం ఎడమ కాలు పైకెత్తి, కూత వినగానే ధన్‌మని నేలకేసి కొట్టేవాళ్ళు. తాగేవాళ్ళు గ్లాసు ఖాళీ చేసేవాళ్ళు. ఎనేరియా ఆ కూతకే చెక్కులు తిరగేసేది. కొన్ఫెసోర్‌కి మాత్రం చెవులు కాలిపోయేవి. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం, నలుగురిలో పంచె ఊడిన మనిషిలా తలవంచుకుని ఆ ఒక్క క్షణం దాటేవాడు.

శాంతియాగో ఊళ్ళో ఉన్న మేనత్త కొడుకు చివరికి ఎక్కడో పాత పెట్టె విప్పి సరైన రీడు సంపాదించి పంపాడు. గురువారం పొద్దున కొన్ఫెసోర్ దాన్ని తేనెమైనంతో అతికించాడు. విరిగిన రీడుని ఓసామా నదిలోకి విసిరి, అది మునిగాక దాని వెనకే ఉమ్మేశాడు కూడా.

ఆ ఆదివారం గడ్డం రెండుసార్లు గీసుకుని వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. ఏడో అడుగు రాగానే బటన్ నొక్కాడు. తిత్తి తెరుచుకుంది. పాలమీద మీగడ జరిగినట్టు స్వరం మెత్తగా వచ్చింది. కొన్ఫెసోర్ కళ్ళు మూసుకున్నాడు. ఏడుపులు, చప్పట్లు వినపడతాయనుకున్నాడు.

వినపడింది ధబేల్‌మన్న చప్పుడు. ఎత్తిన కాలు ఎప్పుడు దించాలో తెలియక ముప్పై జంటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. పళ్ళ డాక్టరు గారి భార్య ఐసు పెట్టెలో కూర్చుంది. మూకుట్లోంచి నల్లటి పొగ లేచింది. ఎనేరియా చెక్కులు బొగ్గయ్యాయి.

పెర్సియో డోలు ఆపేశాడు. "కొంపాయ్, ఏం చేశావ్ నేస్తం?"

"బాగుచేశాను."

"ఎవరడిగారు నిన్ను?"

"పదకొండేళ్ళుగా తప్పు పలుకుతోంది కదయ్యా!"

"తప్పో ఒప్పో, అది మనది కాదూ? ఇంట్లో మేనమామకి మెల్లకన్నుందని కన్ను పీకేస్తామా?"

బెలికా పీపా వెనకనుంచి అందుకుంది. "నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నా, ఈయనకి పాట రాదని. ఇన్నాళ్ళూ ఆ కోడే లాక్కొచ్చింది."

మంగళవారం వారసత్వ సంపద జాబితా ఆఫీసు నుంచి కుమారి ఇవెలీస్ వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, చంకలో ఫైలు, ముఖాన నవ్వన్నది లేదు. పాత పేటలో ఏ రాయి కదిలినా, ఏ తలుపుకి రంగు మారినా రాసుకోవడం వాళ్ళ ఆఫీసు పని. కిందటేడు ఆమె తెచ్చిన కాగితం మీద, ఒక చేత్తో నురగ బ్రష్షు పట్టుకుని, కొన్ఫెసోర్ చదవకుండానే సంతకం పెట్టాడు. ఆ కాగితమే ఇప్పుడు చదివి వినిపించింది.

"వస్తువు సంఖ్య రెండువందల పన్నెండు. ఆదివారపు మూల. ఇందులోని భాగాలు: మూకుడు ఒకటి, అంచున సొట్ట కలదు. వంటావిడ ఒకరు. వాద్యగాళ్ళు ముగ్గురు. గిన్నెకోడి కూత ఒకటి, రెండో చరణం, ఏడో అడుగు." తల ఎత్తింది. "దోన్ కొన్ఫెసోర్, మీరు రక్షిత శబ్దాన్ని అనుమతి లేకుండా మరమ్మతు చేశారు."

"మరమ్మతు చేస్తే నేరమా తల్లీ?"

"మరమ్మతే నేరం. ముప్పై రోజుల్లో దాన్ని మళ్ళీ అసలైన చెడిపోయిన స్థితికి తేవాలి. లేకపోతే మూల మొత్తం మూసేస్తాం. మూకుడితో సహా."

కుర్చీలో సగం గడ్డంతో కూర్చున్న పోస్టుమాస్టరు, "న్యాయమే కదా," అన్నాడు. కొన్ఫెసోర్ అతనికి మిగతా సగం గీయలేదు.

ఇక మొదలయ్యాయి అతని పాట్లు. నదిలో రీడు కోసం ఇద్దరు చేపలవాళ్ళు రెండు రోజులు మునిగి ఒక కళ్ళద్దాల జతా, ఒక ఇత్తడి తాళం చెవీ తెచ్చారు. కొత్త రీడుని ఆకురాయితో కాస్త అరగదీస్తే మేక అరిచింది. ఇంకాస్త అరగదీస్తే ఎవరో తుమ్మినట్టయింది. భయమేసి మైనం పూసి ఆపేశాడు. రీడు మళ్ళీ తియ్యగానే పలికింది, దాని ఖర్మ.

దాంతో ఊరివాళ్ళు కూత కోసం పోటీ పెట్టారు. తర్వాతి వారం బుధవారం సాయంత్రం చర్చి వెనక బల్ల వేసుకుని ఇవెలీసూ, ఆఫీసు నుంచి వచ్చిన శబ్దాల నిపుణుడూ కూర్చున్నారు. నిపుణుడి పేరు దోన్ అగాపీతో. బట్టతల, పొట్టి మెడ. చేతిలో ఒక ఇనప కడ్డీ. దాన్ని దవడకి ఆనించుకుని వినేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

మొదట ఇద్దరు మనుషులు ఒక పాత తలుపుని మోసుకొచ్చారు, కీలుతో సహా. కీలు బాగానే కిర్రుమంది గానీ తలుపు మూసేసరికి పాట అయిపోయింది. తర్వాత ఒకావిడ నిజం గిన్నెకోడినే తెచ్చింది. అది మూడు రోజులు బుట్టలో నోరెత్తలేదు. నాలుగో రోజు ఎనేరియా దాన్ని వెల్లుల్లి, వాము ఆకు వేసి పులుసు పెట్టింది. నిపుణుడు రెండుసార్లు వడ్డించుకుని, కడ్డీ దవడకి ఆనించి, "పదార్థం అసలైనదే," అని ధ్రువీకరించాడు.

కొన్ఫెసోర్‌కి ఆకలి చచ్చిపోయింది. పులుసు గిన్నె ముందు పెట్టుకుని కలుపుతూ కూర్చున్నాడు. వాయిద్యం మీద మనసు విరిగింది. పాటంతా తను వాయించేవాడు, వచ్చినవాళ్ళు కోడి కోసం వచ్చేవాళ్ళు! పెళ్ళివారింటికి పిలిచింది తనని కాదు, తన చెప్పుల్ని అన్నట్టుంది.

సరిగ్గా అప్పుడే బెలికా వచ్చి గిన్నె లాక్కుంది. "తినేవాడివి తిను. లేకపోతే లే. కుర్చీ ఖాళీ చెయ్యి."

"వదినగారూ, ఆ గిన్నె ఇలా ఇవ్వండి."

"ఎవరికయ్యా వదిన? ఎనేరియాకి వదిననైతే నీకూ వదిననేనా? ఎప్పుడు కుదిరింది ఈ చుట్టరికం?"

"అయితే పీపావిడా, ఇలా ఇవ్వండి! మీ మబీ తాగిన నోటికి ఈ పులుసైనా దక్కనివ్వండి!"

"నా మబీనా!" అంది బెలికా. ఆ 'నా' దగ్గర ఆమె గొంతు రెండుగా చీలింది. "క్కే...ర్రాక్!"

బల్లల దగ్గరున్న వాళ్ళందరూ అలవాటుగా ఎడమ కాలు నేలకేసి కొట్టారు. ఎనేరియా గరిటె దానంతటదే తిరిగింది.

నిపుణుడు లేచి నిలబడ్డాడు. "సెన్యోరా, ఇంకోసారి కోపం తెచ్చుకోగలరా?"

ఆ విధంగా దోన్యా బెలికా జాబితాకెక్కింది. వస్తువు రెండువందల పన్నెండులో కొత్త భాగం. ఆదివారాలు ఆవిడ పీపా పక్కన ఎత్తు కుర్చీ వేయించుకుని, మెడకి గులాబీ రంగు చేతిగుడ్డ చుట్టుకుని కూర్చునేది. ఏడో అడుగు వచ్చేముందు పెర్సియో ఆమె దగ్గరికి వంగి, "దోన్యా, మీ మబీ నీళ్ళలా ఉంది," అనేవాడు. కూత టకీమని వచ్చేది. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆవిడ లేచి నడుం వంచి దండం పెట్టి మళ్ళీ కూర్చునేది. అంతవరకూ కొన్ఫెసోర్ తిత్తి సాగదీసి ఆగాల్సి వచ్చేది.

ఒకనాడు ఆవిడ క్షవరం దుకాణం ముందు ఆగి, "దోన్ కొన్ఫెసోర్, కిందటివారం మీరు కొంచెం తొందరపడ్డారు. నాకు ఊపిరి తీసుకునే సమయం ఇవ్వాలి," అంది. కొన్ఫెసోర్ చేతిలో కత్తి ఉంది. కుర్చీలో ఉన్నాయన, "ముందు నా మెడ మీంచి తీసి తర్వాత కోప్పడు బాబూ," అని బతిమాలుకున్నాడు.

గడువులో ఆఖరి ఆదివారం వచ్చింది. తనిఖీకి ఇవెలీసూ, నిపుణుడూ కుర్చీలు వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఇద్దరి చేతుల్లోనూ అరటికాయ బిళ్ళలు, చెక్కులు. అరవై మందికి పైగా జనం. పాట మొదలైంది. ఏడో అడుగు రాబోతుంటే పెర్సియో వంగి, "దోన్యా, మీ మబీ..." అన్నాడు.

బెలికా నోరు తెరిచింది. గాలి వచ్చింది. అంతే. పొద్దుట్నుంచీ, కుర్చీ ఎవరు జరిపారని వీధంతా తిరిగి కేకలు వేస్తే గొంతు పోయింది. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

అరవై ఎడమ కాళ్ళు గాలిలో ఆగాయి. గ్లాసులు పెదాల దగ్గర ఆగాయి. కొన్ఫెసోర్ కొత్త రీడు తియ్యగా పలికింది. ఎవరూ కాలు దించలేదు. అతను చరణం మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ అక్కడికొచ్చాడు, మళ్ళీ తియ్యగా పలికింది. జనం ఒంటికాలి మీద ఊగుతున్నారు. పళ్ళ డాక్టరు గారి భార్య ముందుజాగ్రత్తగా ఐసు పెట్టె మూత వేసింది. మూడోసారి వచ్చేసరికి ముసలివాళ్ళు కళ్ళతో బతిమాలుతున్నారు.

కొన్ఫెసోర్ గుండె కరిగింది. నోరు తెరిచి తనే కూశాడు.

కడ్డీ దవడకి ఆనించిన నిపుణుడు తల అడ్డంగా ఊపాడు. "ఇది బాతు."

"బాతేమిటండీ!" పెర్సియో డోలు వదిలేసి లేచాడు. "కొసన ఇలా విరగాలి, క్కే...ర్రాక్!"

"కాదు కాదు, మొదట్లో గరగర ఉండాలి," అని పోస్టుమాస్టరు కూశాడు. వెనకనుంచి ఒకావిడ, "మీకేం తెలుసు, నేను ఎనిమిదేళ్ళ నుంచి వస్తున్నా!" అంటూ కూసింది. ఆమెని తప్పుబడుతూ వాళ్ళాయన కూశాడు. కాసేపట్లో వీధంతా గిన్నెకోళ్ళ దొడ్డయింది. మేలిదో కూడా రేకు గొట్టం దించి, ఒక్కసారి, చాలా శ్రద్ధగా కూశాడు. అందరికంటే అతనిదే బాగుందని తర్వాత ఒప్పుకున్నారు.

ఇవెలీస్ లెక్కపెట్టి ఫైల్లో రాసుకుంది. నిపుణుడితో గుసగుసలాడింది. తర్వాత లేచి చదివింది. "సదరు శబ్దం ప్రస్తుతం అరవై నాలుగు ప్రతుల్లో లభ్యమవుతున్నందున, అంతరించే ప్రమాదం లేదని తేలినందున, వస్తువు రెండువందల పన్నెండు జాబితా నుంచి తొలగించడమైనది." కాగితం మడిచి, "చెక్కు ఇంకొకటి ఉంటుందా?" అని అడిగింది. అప్పుడు మొదటిసారి నవ్వింది. ఆ నవ్వులో కూడా చిన్న కీచు ఉందని పెర్సియో అంటాడు గానీ నమ్మనక్కర్లేదు.

బెలికా గొంతు లేక చేతులతో తిట్టింది. ఎత్తు కుర్చీని తనే ఇంటికి మోసుకుపోయింది.

జనం పలచబడ్డాక కొన్ఫెసోర్ పెట్టె సర్దుతుంటే ఎనేరియా వచ్చి పక్కన నిలబడింది. చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంటోంది.

"నీ రీడు బాగుంది," అంది.

"ఏం బాగు. ఆ రోజు నావల్ల నీ చెక్కులు మాడిపోయాయి."

"కూత లేక మాడలేదు. ముప్పయ్యేళ్ళుగా వేయిస్తున్నా, కోడి కూస్తేనే తిరగెయ్యాలా నాకు? వింటూ ఉండిపోయాను. ఆ చోట పాట ఎటు వెళ్తుందో ఎప్పుడూ తెలీదు కదా."

కొన్ఫెసోర్ మూస్తున్న పెట్టె మూత మళ్ళీ తెరిచాడు. "ఎటు వెళ్ళిందంటావ్?" అన్నాడు.

"పూర్తిగా వినలేదు. పొగ వచ్చింది."

ఆదివారాలు జనం ఇప్పటికీ ఆ చోట కూస్తారు, అందరూ కలిసి, ఎవరికి తోచిన పద్ధతిలో వాళ్ళు. కింద అకార్డియన్ ఏం పలుకుతోందో ఎవరికీ వినపడదు. కొన్ఫెసోర్ పట్టించుకోవడం మానేశాడు. తనిఖీ అయిన రెండో రోజు, మంగళవారం పొద్దున, గిరాకీ రాకముందు, అతను పెట్టె భుజాన వేసుకుని ఎనేరియా పెరట్లోకి వెళ్ళాడు. ఆమె పీట మీద కూర్చుని కర్రపెండలం చెక్కుతోంది. అతను గోడ పక్కన బోర్లించిన తొట్టి మీద కూర్చుని వాయించాడు. రెండో చరణం దాటాడు. పక్క పెరట్లో కూడా ఎవరూ కూయలేదు.

పాట అయ్యాక ఎనేరియా కత్తి పక్కన పెట్టింది.

"మళ్ళీ మొదట్నుంచి," అంది. "ఈసారి అంత గబగబా వద్దు."