నీళ్లు సోకిన జాడీ

నేను ఒక ఊరగాయ జాడీని. పైన ముదురు గోధుమ రంగు, కింద మీగడ రంగు, భుజాల దగ్గర రెండు చెవులు. ఏ ఏటి ఒడ్డునో బంకమన్నుగా పడి ఉన్నదాన్ని తెచ్చి తొక్కారు, తిప్పారు, నిప్పుల్లో కాల్చారు. అంత కాల్చినా మనుషులకు నమ్మకం కుదరదు. ఊరి జాతరకు, అదే తీర్థంలో, నన్ను కొన్ననాడు సూరయ్యమ్మ ఏడుసార్లు వేలితో మోగించి చూసింది. పెళ్లిసంబంధానికైనా అంత వాకబు చేయరు.

కోనసీమలో కాలవగట్టు పక్కన వాళ్లిల్లు. ముప్పై ఏళ్లు ఆ ఇంటి ఆవకాయ మోశాను. నా జాతికి ఒకటే శాసనం: నీటిచుక్క తగలకూడదు. నా మూతికి వాసెన కట్టే గుడ్డను సూరయ్యమ్మ రెండెండలు ఎండబెట్టేది. మొగుడు వీర్రాఘవులు ఒకసారి తడిచేత్తో నా మూత తీశాడని మూడు రోజులు ఆయనకు చారన్నంతోనే సరిపెట్టింది. నీళ్లంటే నాకు చావేనని నేనూ గట్టిగా నమ్మాను.

తర్వాత మూత పగిలింది, అంచు పెచ్చులేచింది. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి కాపురం మార్చింది. నన్ను అటకెక్కించి, నల్లబడిపోయిన ఇత్తడి గంగాళం పక్కన కూర్చోబెట్టారు. తోమే ఓపిక లేక దాన్ని, పనిలేక నన్ను.

నన్ను మళ్లీ కిందికి దింపింది కొత్తకోడలు హైమ. దానికి కారణం ఒక పంపరపనస పండు.

పెరట్లో అంట్లు తోమే బండ పక్కన ఆ చెట్టు ఉంది. పండు తలకాయంత, పులుపూ చేదూ కలిసి నోట పెట్టలేం. పిల్లలు బంతాట ఆడుకోవడానికి తప్ప ఎవరూ అడిగేవారు కారు. ఆ ఏడు పుష్యమాసంలో ఒక పండు పడి పడి, వీర్రాఘవులు కొత్తగా కొన్న మోటారుసైకిల్ ట్యాంకు మీదే పడింది. ట్యాంకు సొట్టపోయింది.

"ఇంత పెరడుంటే నా బండి మీదే పడాలా దీనికి! తినడానికి పనికిరాదు, అమ్మడానికి పనికిరాదు. కొట్టించేత్తాను."

హైమ అంతవరకు మామగారికి ఎదురు మాట్లాడి ఎరగదు. గిన్నె కింద పెట్టి లేచింది.

"వద్దు మావయ్యా. పొద్దుట నేను కూర్చునేది దీని నీడలోనేనండి. ఈ ఇంట్లో నాకంటూ ఉన్న గదల్లా ఇదే."

ఆయన మీసం దువ్వుకున్నాడు. కోడలి కళ్లలోకి చూడలేక చెట్టుకేసి చూశాడు. "సరే. ఉగాదిలోపు ఇది దేనికైనా పనికొచ్చిందని చూపించు. లేదంటే మర్నాడే గొడ్డలి."

డ్వాక్రా సంఘం మీటింగులో హైమ ఒక సంగతి నేర్చుకుంది. పుల్లపండ్ల తొక్కలు, కాస్త బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు నెలలు పులియబెడితే ఆ నీళ్లతో నేల తుడుచుకోవచ్చు, జిడ్డు వదిలించుకోవచ్చు. ఫినాయిలు మంట లేదు, చేతులు పగలవు. పండ్లు వలిచి, తొక్కలు తరిగి, పుల్లటి గుజ్జుతో సహా నాలో వేసింది. బెల్లం వేసింది. బిందె ఎత్తింది.

"జాడీలో నీళ్లు పోత్తావేంటే!" సూరయ్యమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "మా వంశంలో ఎవరూ ఎరగరే ఈ పని!"

"పచ్చడి కాదత్తయ్యా."

"ఏదైతేనేమే, జాడీ జాడీయే!"

నీళ్లు పడ్డాయి. మొదటి ధారకు నా ప్రాణం పోయిందనుకున్నాను. పోలేదు. వారం తిరిగేసరికి నా కడుపులో గుసగుసగా బుడగలు మొదలయ్యాయి. ముప్పై ఏళ్లలో ఆవకాయ నాతో ఒక్కమాట మాట్లాడలేదు. ఇది రోజంతా కబుర్లే. గాలి పోవడానికి హైమ పల్చటి గుడ్డ వదులుగా కట్టేది.

ఉగాదికి వారం ఉందనగా ఒకరోజు హైమ సంఘం పనిమీద వెళ్లినప్పుడు సూరయ్యమ్మ ఆ గుడ్డ ఎత్తి చూసింది. పైన తెల్లటి తెట్టు. ఆవిడ లెక్కలో అది బూజే. జాడీలో తెల్లగా కనబడితే ఊరుకునే చెయ్యి కాదది. అటూ ఇటూ చూసి, నాలుగు దోసిళ్లు గళ్లుప్పు పోసి కలియబెట్టి, వాసెన బిగించి కట్టేసింది. నా లోపలి కబుర్లు ఆగిపోయాయి.

ఉగాది ఇంక మూడు రోజులుందనగా హైమ వాసెన విప్పి, గరిటె పెట్టి కలిపి చూసింది. అడుగున ఉప్పు గరగరలాడింది.

"ఉప్పేశారా అత్తయ్యా?"

"వెయ్యకేం చెయ్యమంటావ్? బూజట్టింది కదే! కళ్లముందు పాడైపోతుంటే చూత్తా కూర్చోమంటావా?"

హైమ గరిటె వదిలేసింది. బండ మీద కూర్చుని చెట్టుకేసి చూస్తూ కళ్లు తుడుచుకుంది. తిట్టి ఉంటే సూరయ్యమ్మ రెండు తిట్టి సరిపెట్టుకునేది. ఆ కన్నీళ్లు మాత్రం చూడలేకపోయింది. దోషం కడిగేసుకుందామని, చేతికందిన ఇత్తడి చెంబుతో నాలోని నీళ్లు తోడి పారబోయడం మొదలెట్టింది. నాలుగు చెంబులు తోడిందో లేదో మనసొప్పక, చెంబు నాలోనే వదిలేసి కోడలికి కాఫీ పెట్టడానికి వెళ్లింది.

కాఫీ తెచ్చి ఇచ్చి చెంబు పైకి తీసింది. అది వీర్రాఘవులు చెంబు. ఆయన తండ్రి నాటిది, ఎన్నేళ్లుగానో నలుపు. మునిగినంత మేరా గీత గీసినట్టు పసుపుపచ్చగా మెరిసిపోతోంది. పైసగం మసి, కిందిసగం బంగారం.

"ఒసే అమ్మాయ్! ఇలా రా!"

హైమ కొబ్బరిపీచుతో నాలుగు రుద్దులు రుద్దింది. పైసగమూ వెలిగింది. ఇక అత్తాకోడళ్లను ఆపేవారు లేరు. ఇంట్లో ఇత్తడంతా పెరట్లోకి వచ్చింది. అటకమీది నా పాత నేస్తం గంగాళం కూడా దిగింది. అది అంత అందగత్తె అని ఆరేళ్లు పక్కన కూర్చున్న నాకే తెలియదు.

"నే ఉప్పెయ్యబట్టే కదా!" అంది సూరయ్యమ్మ, గెలిచినదానిలా.

"మీరు వెయ్యబట్టేనండి," అంది హైమ నవ్వుతూ. నేల తుడవడానికి మళ్లీ ఉప్పులేనిది పెట్టుకోవాలని అప్పుడే లెక్కేసుకుంది కాబోలు.

ఉగాది మర్నాడు గొడ్డలి భుజాన వేసుకుని చెట్లు కొట్టే సింహాద్రి వచ్చాడు.

"ఆయ్, ఏ కొమ్మ నుంచి మొదలెట్టమంటారండి?"

వీర్రాఘవులు చేతిలో చెంబు ఉంది. పొద్దుట్నుంచి అందులో మీసం చూసుకుంటూనే ఉన్నాడు. చెంబు తిప్పాడు, చెట్టును చూశాడు, కోడలు కూర్చునే బండను చూశాడు.

"చెట్టు కాదురా సింహాద్రీ. వెదుళ్లు కొట్టుకురా. బండికి ఆ మూల చిన్న పాకెయ్యాలి."

ఇప్పుడు నా పక్కన కొత్త జాడీ ఉంది. ఈ ఏడు తీర్థంలో సూరయ్యమ్మ దాన్ని ఏడుసార్లు మోగించే తెచ్చింది. ఇత్తడికి ఉప్పువేసినది నాలో, నేలకు ఉప్పులేనిది దానిలో. అది ఇంకా చిన్నది, నీళ్లంటే బెదురు. బిందె ఎత్తినప్పుడల్లా బిగుసుకుంటుంది.

నిన్న పొద్దున్న ఒక పండు దబ్బున కిందపడింది. వీర్రాఘవులు వెళ్లి దాన్ని తీసుకుని, మట్టి తుడిచి, తానే పండించినవాడిలా తెచ్చాడు.

"అమ్మాయ్, ఇదిగో, ఇంకోటి రాలింది. జాడీలో చోటుందా?"

ఉంది. ఎప్పుడూ ఉంది.