ఐదో గుంత

"నేల ఎంత లోతు కదపాలి?" అని అడిగాడు పనిముట్ల షెడ్డు యజమాని. అతన్ని అందరూ బోల్టు అంటారు. పొట్టిగా గుండ్రంగా ఉంటాడు, మాట మొదలెడితే ఒక పట్టాన వదలడు.

"నాలుగు వేళ్ళు," అంది వదిన.

"నాలుగు వేళ్ళా? అక్కా, దాన్ని దున్నడం అనరు, తల దువ్వడం అంటారు. మూడేళ్ళుగా ముట్టుకోని మేత బీడు. గడ్డి వేళ్ళు చాపలా అల్లుకుపోయి ఉంటాయి. దానికి మందు ఇదిగో, రెక్కనాగలి. పైది కిందికి, కిందిది పైకి. బోర్లా తిప్పి పడుకోబెడుతుంది."

కిందిది పైకి అన్న మాటకి వదిన చేతి సంచిని గట్టిగా పట్టుకుంది. పక్కనే ఉన్న మరిది ఆ చేతిని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ బీడులో ఐదు ఆవులున్నాయి, నేల కింద. మూడేళ్ళ కిందట జబ్బు వచ్చి తొమ్మిది రోజుల్లో ఒకదాని వెనక ఒకటి పోయాయి. మట్టి తవ్వే యంత్రాన్ని పిలవమని నలుగురూ చెప్పినా ఆమె భర్త వినలేదు. చెత్త తోసినట్టు తోయించనని, పలుగూ పారా పట్టుకుని ఒక్కడే తవ్వాడు. ఏ ఆవు ఎక్కడ పడుకునేదో దాన్ని అక్కడే పూడ్చాడు. మొదటి గుంత అతని ఛాతీ దాకా దిగింది. తరవాతివి ఒకదాని కంటే ఒకటి తగ్గుతూ వచ్చాయి. ఐదోది, నల్లావుది, మోకాలి లోతు కూడా లేదు. పైన జానెడు మట్టి కప్పాడంతే. మరుసటి ఏడు గుండె ఆగి అతనూ పోయాడు.

ఆ తొమ్మిది రోజుల్లో అన్న రెండుసార్లు ఫోన్ చేస్తే మరిది సెలవు దొరకదన్నాడు. సెలవు దొరికేదే. చచ్చిన గొడ్లను పూడ్చడానికి అంత దూరం వెళ్ళబుద్ధి కాలేదు. ఇప్పుడు ఉద్యోగం వదిలేసి, చేతులు మారిన చిన్న ట్రాక్టరొకటి వెంటేసుకుని వదిన దగ్గరికి వచ్చాడు. అప్పట్లో బతికిపోయిన దూడలు రెండూ ఎదిగి చూలు కట్టాయి. వాటికి మేత కావాలంటే బీడు కదపాలి. కదిపితే నల్లావు పైకి రాకూడదు. ఇద్దరికీ పట్టుకున్న దిగులు అదొక్కటే.

"రోటవేటర్ చూపించన్నా. మాది ఇరవై రెండు హెచ్‌పీ," అన్నాడు మరిది.

"దానికి నాలుగడుగులది సరిపోతుంది. వేళ్ళూ గీళ్ళూ అంతా పిండి పిండి."

వదిన వంగి, వంకీ తిరిగిన ఆ కత్తుల్ని వేలితో తడిమింది. "వద్దు. తాడు తగిలినా ఎముక తగిలినా చుట్టుకుని చీల్చేస్తుంది."

"ఎముకేంటక్కా? నిధి మీద ఎవర్నైనా కాపలా పెట్టారా?"

"ఆవులు," అన్నాడు మరిది.

బోల్టు చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుని, "ముందే చెప్పొద్దా తమ్ముడూ, నోరు పారేసుకున్నాను," అంటూ ఇద్దర్నీ షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. "గొర్రు కూడా వద్దు. దాని కాళ్ళు కింద ఉన్నదాన్ని తగిలించుకుని లాక్కొస్తాయి. ఈ చిన్న డిస్క్ హారో పట్టుకెళ్ళండి. ఈ ఇనప పళ్ళేలు కోస్తాయి గానీ లాగవు. పైన బరువు పెట్టకండి, పళ్ళేల్ని ఎక్కువ ఏటవాలు చెయ్యకండి. మూడు వేళ్ళు దాటదు. ఒక్కసారికి ఏమీ అయినట్టుండదు. వారం ఆగి అడ్డంగా, ఇంకో వారానికి నిలువుగా తిప్పి, అప్పుడు విత్తనం చల్లండి. ఓపిక ఉండాలి మరి."

"వదినకుంది. నాకు నేర్పుతుంది."

"నీకు నేర్పేసరికి ఆ దూడలకి మనవలు పుడతారు," అంది వదిన.

మర్నాడు పొద్దున్నే మరిది హారో తగిలించి, ట్రాక్టర్ని గట్టు దాకా తెచ్చాడు. వదిన అడ్డం నిలబడింది.

"నల్లావు మీద మూడు వేళ్ళు కూడా ఎక్కువేనయ్యా. ఆ జానెడు మట్టిలో మూడేళ్ళ వానలకి ఎంత మిగిలిందో."

"ఆ మూల వదిలేద్దాం వదినా."

"తేమ ఉండేది ఆ మూలే. దూడలు ముందు అక్కడికే పోతాయి. అందులో ఒకటి దాని బిడ్డ. తల్లిని తొక్కుతూ మేస్తుందా?"

"మరెలా?"

"లోతు చేద్దాం."

మరిది ట్రాక్టరు ఆపి పారా, పలుగూ తెచ్చాడు. పై మట్టి రెండు దెబ్బలకే విడిపోయింది. ఎముకలు శుభ్రంగా, తేలిగ్గా వచ్చాయి. వదిన ఒక్కొక్కటీ తీసి గోనెపట్టా మీద పేర్చింది. మెడతాడు ముడి విప్పకుండా అలాగే పక్కన పెట్టింది. మరిది గుంతలో దిగి పలుగు వేశాడు.

ఖంగుమంది.

పక్కకి జరిగి వేశాడు. అక్కడా అంతే. మట్టి చేతులతో తోసి చూస్తే అడుగంతా ఒకటే బండ, మంచమంత. దాని మీద తెల్లగా పలుగు గాట్లు. ఒకటా రెండా, ఈ కొస నుంచి ఆ కొస దాకా. ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని అంగుళం అంగుళం పొడిచి చూసిన గాట్లు.

వదిన గుంతలోకి దిగి బండ మీద అరచెయ్యి ఆనించింది.

"ఆ రోజు మీ అన్నని ఏమన్నానో తెలుసా? చేతకానివాడివి యంత్రాన్నైనా పిలవాల్సింది, రేపు కుక్కలు లాగితే సిగ్గుపోతుంది అన్నాను."

"అన్న ఏమన్నాడు?"

"చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పొయ్యమన్నాడు."

"బండ పడిందని చెప్పలేదా?"

"నేను అడగలేదు కదా."

మరిది గుంత అంచున కూర్చున్నాడు. "నేనొచ్చి ఉంటే..."

"నువ్వొచ్చినా బండ బండే," అంది వదిన. కాస్త ఆగి, "అయినా రావాల్సింది," అంది.

భర్త పెట్టిన చోటు నుంచి నల్లావుని మార్చడానికి ఆమె ఒప్పుకోలేదు. ఎముకల్ని ఎలా తీశారో అలాగే సర్ది, మెడతాడు వాటి మీద పెట్టి మట్టి కప్పారు. తరవాత, కిందికి దిగని లోతు పైన పొయ్యడానికి, గట్టవతల నుంచి గంపలతో మట్టి మొయ్యడం మొదలుపెట్టారు. తవ్వడం, నింపడం మరిది పని. మోసుకెళ్ళి పొయ్యడం ఆమె పని. మధ్యాహ్నానికి దిబ్బ మోకాలెత్తు అయింది. ట్రాక్టరు ఉన్నచోటే ఉంది. పొద్దు వాలేసరికి దిబ్బ నడుము దాటింది. మరిది అరచేతులు బొబ్బలెక్కాయి.

"చాలు వదినా. ఇంక దీన్ని ఏదీ కదపలేదు."

ఆమె ఖాళీ గంప తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇంకొకటి నింపు," అంది.