దిద్దుబాటు గారి బాత్రూం

ప్రెస్సులో అందరూ ఆయన్ని ఎదురుగా సారూ అనేవారు, వెనకాల దిద్దుబాటు గారు అనేవారు. రెండో పేరే ఆయనకు బాగా అతికింది కాబట్టి మనమూ దాన్నే వాడుకుందాం. అచ్చుకి వెళ్ళే ప్రతి కాగితమూ ముందు ఆయన బల్ల మీదికి రావాల్సిందే. ఆయన ఎర్ర పెన్ను తగలకుండా దగ్గుమందు సీసా మీది లేబులు కూడా బయటికి పోయేది కాదు. పనిలో అది గుణమే, కాదనం. చిక్కల్లా ఏమిటంటే, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు పెన్నును బల్ల మీదే వదిలి వచ్చేవారు గాని, బుద్ధిని మాత్రం వెంటబెట్టుకుని వచ్చేవారు.

ఇంట్లో ఆ బుద్ధికి దొరికేది భార్య ఒక్కతే. ఆవిడ "ఫ్రిజ్జు రిపేరొచ్చిందండీ" అంటే, "రిపేరు రాదు, చేయిస్తాం. వచ్చింది రోగం" అనేవారు. "ముందుగా అడ్వాన్సివ్వాలట" అంటే, "అడ్వాన్సంటేనే ముందుగా" అనేవారు. కోపంగా కాదు, నవ్వుతూనే. నవ్వుతూ అంటే నొప్పి తెలియదని ఆయన నమ్మకం. పెళ్ళయిన కొత్తలో గలగలా మాట్లాడే ఆ మనిషి రానురాను రెండు మూడు ముక్కల్లో మాట తేల్చేయడం మొదలుపెట్టింది. మాట చిన్నదైతే తప్పు దొర్లే చోటు తక్కువ మరి. వయసుతో పాటు నెమ్మది వచ్చిందని ఆయన సంతోషించారు.

ఇక బాత్రూం సంగతి. అది ఎంత ఇరుకంటే, తలుపు పూర్తిగా తెరిస్తే బకెట్టుకు తగులుతుంది. బకెట్టు అవతలికి జరిపితే మనిషి నిలబడేందుకు చోటుండదు. నేల మీద పాతకాలపు నున్నటి పలకలు, సబ్బునీళ్ళు పడితే అద్దమే. వానాకాలంలో ఒకరోజు ఆవిడ అక్కడ కాలు జారి, మోచెయ్యి కుళాయికి కొట్టుకుని కూలబడింది. చప్పుడుకి ఆయన పరుగెత్తుకుని వచ్చారు.

"జారి స్లిప్పయ్యానండీ," అంది ఆవిడ, చెయ్యి పట్టుకుని.

"జారినా స్లిప్పయినా ఒకటేనోయ్, రెండూ ఎందుకు?" అన్నారాయన, రెక్క పట్టుకుని లేవదీస్తూ.

పైగా ఆ మాటను చాలాకాలం అందరికీ హాస్యంగా చెప్పుకున్నారు. విన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ కూడా పెదవులు కదిపింది. మోచెయ్యి వాపు తగ్గింది గాని, ఆ తర్వాత ఆవిడ గోడ పట్టుకోకుండా బాత్రూంలో అడుగు పెట్టలేదు. తెల్లవారి లేస్తే వెళ్ళక తప్పని గది, వెళ్ళిన ప్రతిసారీ భయం. చివరికి ఒకరోజు, "నేల మార్పిద్దామండీ. ఇంకేం వద్దు," అంది. అడగక అడగక అడిగింది. ఆయన సరేనన్నారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆయన తోడల్లుడికి ఫోన్ చేశారు. భార్య చెల్లెలి భర్త అతను, కారు విడిభాగాల వ్యాపారి. కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు, మూడు బాత్రూములతో. తోడల్లుడంటే తోడుండే అల్లుడు కాదు, తోటివాళ్ళంతా పోల్చి చూపించే అల్లుడని దిద్దుబాటు గారి అభిప్రాయం. చదువు తక్కువ, సంపాదన ఎక్కువ, గొంతు ఇంకా ఎక్కువ. అయినా టైల్స్ షాపులన్నీ తిరిగినవాడు కదా అని పిలిచారు. పిలిచాక, అతని ముందు తీసిపోకూడదన్న పట్టుదల కూడా వచ్చేసింది.

ఆదివారం అతని కారులోనే వెళ్ళారు. షాపు పెద్దది. గోడల నిండా పలకలు, పైన దీపాలు, కింద మనుషుల నీడలు. అమ్మే అమ్మాయి మెడలో కొలతల టేపు వేసుకుని ఎదురొచ్చింది.

"చెప్పండి సార్, ఎంత బాత్రూం?"

దిద్దుబాటు గారు గొంతు సవరించుకున్నారు. "మరీ పెద్దదేం కాదు," అన్నారు, పెద్దదే అన్నట్టు.

తోడల్లుడు ముత్యపు రంగు పలకొకటి చూపించి, "గోడకి ఇది పెట్టిస్తే గది వెలిగిపోద్ది అన్నయ్యా," అన్నాడు. దిద్దుబాటు గారు వంగి చూసుకుంటే పలకలో తన మొహం కనిపించింది. చూడముచ్చటగా కనిపించింది. "గోడకేమిటి, నేలకీ ఇదే వేద్దాం," అన్నారు. తోడల్లుడు ఏదో అనబోయి, వదినగారి వైపు చూశాడు.

అప్పటిదాకా వెనక నిలబడ్డ ఆవిడ రెండడుగులు ముందుకొచ్చింది. అమ్మాయితో, స్పష్టంగా, ఒక్కో అక్షరమూ చూసుకుంటూ, "బాత్రూం నేలకి మ్యాట్ కావాలమ్మా," అంది.

దిద్దుబాటు గారికి చెవులు కాలాయి. ఇంత షాపులో, అదీ తోడల్లుడి ముందు, కాళ్ళు తుడుచుకునేది అడుగుతుందా?

"మ్యాట్ నేలకి కాదోయ్, కాళ్ళకి," అన్నారు, నలుగురికీ వినిపించేలా. "గుమ్మం ముందు పడేస్తాం చూడు, అది. ఇది టైల్స్ షాపు. ముందు నేల కొందాం, తర్వాత దాని మీద పరుచుకునేవి కొందాం."

తోడల్లుడు ఫక్కున నవ్వాడు. పక్కన పలకలు చూసుకుంటున్నవాళ్ళెవరో కూడా నవ్వారు. అమ్మే అమ్మాయి నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. ఆవిడ ఆయన మొహంలోకి ఒకసారి చూసి, "మీకు నచ్చింది చూడండి," అని పక్కకు తప్పుకుంది. ముత్యపు రంగు పలకలే ఖాయమయ్యాయి, గోడకీ నేలకీ. మంగళవారం సాయంత్రం ఇంటికి పంపిస్తామన్నారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆయనే ఎక్కువ మాట్లాడారు.

మంగళవారం పొద్దున ప్రెస్సులో, కవర్ల మీద ప్లాస్టిక్ పొర అంటించే అతను ఒక పుస్తకం అట్ట పట్టుకుని ఆయన బల్ల దగ్గరకొచ్చాడు.

"సార్, దీనికి గ్లాసీ వెయ్యమంటారా, మ్యాట్ వెయ్యమంటారా?"

"మ్యాట్ వెయ్యి. మెరుపెక్కువైతే అక్షరాలు కనపడి చావవు," అన్నారు దిద్దుబాటు గారు, తలెత్తకుండానే.

అని, ఆగిపోయారు.

ఈ ప్రశ్న ఆ ప్రెస్సులో నెలలో ఎన్నిసార్లు అడుగుతారో లెక్కే లేదు. ఎన్నిసార్లు అడిగినా ఆయన జవాబు ఒకటే, మ్యాట్. మెరవనిది, నునుపు లేనిది, వేలికి కాస్త పట్టు దొరికేది. ఆ మాట ఆయన నోట్లోనే ఉంది, రోజూ నములుతున్న తమలపాకులా. భార్య నోట వినేసరికి మాత్రం అది గుమ్మం ముందు పడేసేది అయిపోయింది. ఆవిడ నోట వచ్చింది కాబట్టి తప్పే అయ్యుంటుందని చెవి ముందే తీర్పు చెప్పేసింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఆయనకు ఒళ్ళంతా చల్లబడి, తర్వాత మొహం మండింది.

"సార్, ఒంట్లో బాలేదా?" అన్నాడు అట్ట పట్టుకున్నతను.

"బాగానే ఉంది. నువ్వెళ్ళు," అన్నారు. ఎవరికి చెప్పుకుంటారు? తేలు కుట్టిన దొంగలా కూర్చుని, భోజనాల వేళ కాగానే షాపుకి పరుగెత్తారు.

అమ్మే అమ్మాయి గుర్తుపట్టింది. నేల పలకలు మార్చాలన్నారాయన. మ్యాట్ కావాలి అనడానికి నాలుక మడత పడింది.

"మార్చొచ్చు సార్, ఇంకా బండెక్కలేదు. మేడం గారు చూసుకున్నవేగా? బూడిద రంగువి?"

"చూసుకున్నవి ఏమిటి?"

అమ్మాయి కాసేపు తటపటాయించింది. "మేడం గారు ముందే ఒక్కరూ వచ్చారు సార్, మీరంతా వచ్చేదానికంటే ముందు. చాలాసేపు ఉన్నారు. ముక్కల మీద నీళ్ళు పోయించుకుని, చెప్పులిప్పి, ఒక్కోదాని మీద నిలబడి చూసుకున్నారు. బూడిద రంగు దాని మీద నిలబడి, దీన్నేమంటారమ్మా అనడిగారు. గరుకుది అనండి, అర్థమైపోద్ది అన్నాను. కాదు, సరైన మాట చెప్పు అన్నారు. మ్యాట్ అంటారని చెప్పాను."

దిద్దుబాటు గారు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు.

"నాలుగైదుసార్లు పలికి చూసుకున్నారు సార్. సరిగ్గానే అంటున్నానా అని నన్నడిగారు. మా ఆయన మాటలు బాగా చూస్తారు, తప్పు పలికితే అసలు విషయం పోయి మాట దగ్గరే ఆగిపోతుంది అన్నారు."

"మరి ఆ రోజు నువ్వెందుకు చెప్పలేదమ్మా? నేను అంత మాట అంటుంటే?"

"చెప్పబోయాను సార్. మేడం గారు వద్దన్నట్టు తలూపారు. మీ పక్కన చుట్టాలాయన ఉన్నారు కదా."

నేల చీలితే అందులోకి పోవాలనిపించడం అంటారే, ఆయన ఆ మాటను ఎన్ని కథల్లో పాతబడిపోయిందని కొట్టేశారో. ఇప్పుడు స్టూలు కింది నేలనే చూస్తూ కూర్చున్నారు. అది కూడా నున్నగా మెరుస్తోంది. పలకలు మార్పించి, రెండుసార్లు సరిచూసి, ప్రెస్సుకి మళ్ళీ వెళ్ళకుండా ఇంటికి నడిచారు.

దారిలో ఒక నిర్ణయానికి వచ్చారు. ఆవిడ పరువు పోయింది తోడల్లుడి ముందు కాబట్టి, ముందు అక్కడే తప్పు ఒప్పుకోవాలి. ఆ గొంతు పెద్ద మనిషి ఇక జన్మంతా ఎత్తిపొడుస్తాడు, పొడవనీ. ఇంటి మెట్ల దగ్గరే నిలబడి ఫోన్ చేశారు.

"తమ్ముడూ, ఆదివారం షాపులో... మీ వదిన అన్నదే కరెక్టు. మ్యాట్ అంటే టైల్స్‌లో ఒక రకమట. నాకు తట్టలేదు."

తోడల్లుడు గొంతు తగ్గించాడు.

"తెలుసన్నయ్యా. మా బాత్రూముల్లో వేసిందంతా అదేగా. మొదట మీరు జోకేశారనుకుని నవ్వాను. తర్వాత మీ మొహం చూస్తే జోకు కాదని అర్థమైంది. అంతమందిలో మిమ్మల్ని తప్పంటే మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నాను."

"తెలిసీ ఊరుకున్నావా?"

"మీకు చెప్పేంతటివాణ్ణా అన్నయ్యా? కానీ నేను నవ్వడం మాత్రం తప్పే. ఇంటికెళ్ళగానే మీ మరదలు తలంటేసింది. ఆ సాయంత్రమే వదినకి ఫోన్ చేసి, క్షమించమ్మా, నీ మీద కాదు నవ్వింది అని చెప్పాను. పాపం, ఫోన్లో కూడా మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. మీరూ చెప్పే ఉంటారులెండి."

"ఊఁ," అన్నారు దిద్దుబాటు గారు. అది అబద్ధమని ఇద్దరికీ తెలిసింది.

ఫోన్ జేబులో పెట్టుకుని ఇంకాసేపు మెట్ల మీదే నిలబడ్డారు. చదువు తక్కువని, గొంతు ఎక్కువని తాను లోలోపల తీసిపారేసిన మనిషి చేయాల్సిన పనిని అదే రోజు చేసేశాడు. ఆయనేమో మూడు పూటలా ఆవిడ పెట్టింది తింటూ, ఏమీ జరగనట్టు, పత్రికలో తప్పులు వెతుక్కుంటూ కూర్చున్నారు. సిగ్గుతో కాళ్ళు లోపలికి నడవలేదు. నడిపించుకుని వెళ్ళారు.

ఆవిడ వంటింట్లో ఆనపకాయ చెక్కు తీస్తోంది. వేళ కాని వేళలో వచ్చిన భర్తను చూసి కత్తిపీట పక్కకు జరిపింది.

"పలకలు మార్పించాను. మ్యాట్ వస్తున్నాయి. నువ్వు నిలబడి చూసుకున్నవే," అన్నారాయన.

"ఆ అమ్మాయి చెప్పేసిందా?" అంది ఆవిడ.

"అన్నీ చెప్పింది. తమ్ముడితో కూడా మాట్లాడాను. తప్పు నాది. ఆ రోజు తప్పు, వానాకాలంలో నువ్వు పడ్డప్పుడు అన్నదీ తప్పు." ఇంకా ఏదో అందామనుకున్నారు. ఎన్నో వేల మాటలను చక్కబెట్టిన మనిషికి తనకు కావలసిన ఒక్క మాట దొరకలేదు. "అతనికి తెలుసు, ఆ పిల్లకి తెలుసు, నీకు తెలుసు. నాకొక్కడికే తెలియదు. ఒక్కరైనా నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ చేతిలోని ముక్కను గిన్నెలో వేసింది. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. అడిగారు కాబట్టి చెప్పినట్టు చెప్పింది.

"నలుగురిలో తప్పనిపించుకోవడం మీకు అలవాటు లేదు కదండీ. తట్టుకోలేరు. నాకైతే అలవాటే."

అలాంటప్పుడు ఆవిడ చివర ఎప్పుడూ ఒక మాట చేర్చేది, ఫరవాలేదులెండి అని. ఆయన తల వంచుకుని దానికోసం ఎదురుచూశారు. ఆవిడ ఆనపకాయ ఇంకో ముక్క అందుకుని చెక్కు తీయడం మొదలుపెట్టింది. చాలాసేపటికి గాని ఆయనకు అర్థం కాలేదు, ఈసారి ఆ మాట రాదని.