కీడమ్మ ముఖం

"ముఖాలెందుకే మిల్లువాళ్లకి? చేతులతో కదా మనం నేసేది!"

వరుసలో నిలబడి ఆమె పైకే అనేసింది. ముందున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. దారం తెగితే మగ్గం పేలుతుందనీ, కూతురు కాస్త ఆలస్యమైతే ఏ లారీ కిందో పడిందనీ అనుకునే మనిషి. అందుకే మిల్లులో అందరూ ఆమెను కీడమ్మ అంటారు.

"హాజరు కోసమటే కీడమ్మా. ముఖం చూపిస్తే గేటు తెరుచుకుంటుందట," అంది గట్టిగొంతు. సంఘానికి ఆవిడే పెద్ద. ఆవిడది పీల గొంతు. మరమగ్గాల హోరులో అసలే వినపడదు. అందుకే గట్టిగొంతని పేరు పెట్టి ఏడిపిస్తారు.

"తెరుచుకుంటే సరే. మూసుకుంటేనో?"

కెమెరా ముందు ఎడమకు తిరగమన్నారు, కుడికి తిరగమన్నారు. నవ్వమన్నారు. నాలుగు మాటలు చదివించారు. భయం కొద్దీ కీడమ్మ అందరికన్నా బాగా నవ్వింది.

ఆ వానాకాలంలో షెడ్డు కప్పు ఒక పక్క కూలింది. దూలం విరిగి కీడమ్మ పక్క మగ్గం మీద పడింది. ఆ మగ్గం నేసే పిల్ల మళ్లీ లేవలేదు.

ఆ హోరు వల్ల షెడ్డులో మాటలన్నీ చేతులతోనే. చూపుడువేలు గడ్డానికి ఆనిస్తే 'మాట్లాడకు' అని. రెండు పిడికిళ్లూ ఆనించి, దారం తెంపినట్టు విడదీసి, అరచెయ్యెత్తితే 'మగ్గం ఆపు' అని. ఆ రోజు కప్పు కదలడం చూసి ఆ పిల్ల కీడమ్మకేసి తిరిగింది. పిడికిళ్లు ఆనించింది. విడదీయడానికి వ్యవధి లేకపోయింది.

శవాన్ని పంపేశాక, మిగతా దూలాలకు ఇనుప పట్టీలు చుట్టించి, "రండి, మగ్గాలు తిప్పండి," అన్నాడు మేనేజరు. పట్టీల సందుల్లోంచి బీటలు కనబడుతూనే ఉన్నాయి.

"కప్పు మార్చండి, వస్తాం," అన్నారు సంఘంవాళ్లు. గేటు ముందు బైఠాయించారు.

కీడమ్మ కూతురు వీడియోల ఆఫీసులో పని చేస్తుంది. బ్రాండుల వాళ్లు వచ్చి తమకేం కావాలో చెబుతారు. వీళ్లు దాన్ని మాటల్లో రాసి ఏఐకి ఇస్తే అది వీడియో చేసిపెడుతుంది. ఇంటికి రాగానే ఆ పిల్ల గలగలా చెప్పేది: "అమ్మా, ఇవాళ లేని మనిషి చేత లేని ఇంట్లో లేని సబ్బు రుద్దించాం!" సమ్మె నడుస్తుండగా ఒక సాయంత్రం మాత్రం కంచం ముందు రాయిలా కూర్చుంది.

"జ్వరమా? ఉద్యోగం తీసేశారా? ఎవడైనా ఏమైనా అన్నాడా? చెప్పవే, నా ప్రాణం పోతోంది."

"మీ దుప్పట్ల కంపెనీ ఆర్డరిచ్చిందమ్మా. కార్మికులు నవ్వుతూ నేస్తుండాలన్నారు. కప్పు కొత్తగా కనబడాలన్నారు. చెమట తీసెయ్యమన్నారు, నవ్వు పెంచమన్నారు. హాజరుకని తీసుకున్న ముఖాలు, గొంతులు వాళ్లే పంపారు." కంచం పక్కకి నెట్టింది. "మధ్యలో ఉన్నది నువ్వు."

కీడమ్మ గరిటె కింద పెట్టింది.

"అందులో నేనేమంటున్నానే?"

"షెడ్డు భద్రంగా ఉందంటున్నావు. సమ్మె మాది కాదంటున్నావు. నీ ముఖం చూశాక నేనింక చెయ్యనన్నాను. పక్క సీటువాడు పూర్తి చేశాడు. రేపు గేటు దగ్గర నన్నే వెళ్లి ఆ వీడియో వెయ్యమన్నారు. ఆఫీసు సంగతి బయటపెడితే జైలేనని ముందే సంతకం చేయించుకున్నారు."

కీడమ్మ చటుక్కున కూతురి నోరు మూసింది. "నా మీద ఒట్టు, నువ్వేం అనకు. నేనూ అనను. ముఖమే కదా, పోతే పోనీ."

మర్నాడు గేటు పక్కన తెర కట్టారు. రెండు లారీల పోలీసులు దిగారు. మేనేజరు పక్కన లేబర్ ఆఫీసరు నిలబడ్డాడు. తెర కింద లాప్‌టాప్ పట్టుకొని కూతురు.

తెర వెలిగింది. తళతళలాడే కప్పు కింద నిలబడి కీడమ్మ నవ్వుతోంది. "ఈ షెడ్డు మాకు పుట్టిల్లు. సమ్మె చేసేది బయటివాళ్లు. రండమ్మా, పనిలోకి పోదాం!" గొంతు ఆమెదే. ఆ ధైర్యం మాత్రం ఆమెది కాదు.

జనం భగ్గుమన్నారు.

"ఎంతకి అమ్ముడుపోయావే?"

"పక్క మగ్గం పిల్ల నెత్తురు ఆరనైనా ఆరలేదే!"

"ఆగండర్రా!" అని గట్టిగొంతు పీల గొంతుతోనే అరిచింది. "దూలం చూస్తే దడుచుకునే మనిషి, ఆ మాటంటుందా? ఆమెనే అడగండి."

ఆఫీసరు ముందుకొచ్చాడు. "ఏమ్మా, ఆ మాటలు నువ్వన్నవేనా? అవునంటే ఇప్పుడే గేటు తెరిపిస్తాను. కాదంటే, ఆ వీడియో ఎవరు చేశారో కూపీ లాగుతాం."

కాదంటే కూతురు జైలుకి. అవునంటే ఇందరూ ఆ దూలాల కిందికి. కీడమ్మ కూతురికేసి చూసి, చూపుడువేలు గడ్డానికి ఆనించింది.

ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ కూతురికి తెలిసిన భాషే. లాప్‌టాప్ కింద పెట్టి చేత్తోనే అంది: 'చెప్పు.'

'నిన్ను పట్టుకుపోతారు.'

'పోనీ. చెప్పమ్మా.'

ఆఫీసరుకు వాళ్లు దోమలు తోలుకుంటున్నట్టు కనబడింది. గేటు ముందున్న ప్రతి మనిషికీ ప్రతి మాటా తెలిసింది. తిట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

కూతురు రెండు పిడికిళ్లూ ఆనించింది. దారం తెంపినట్టు విడదీసింది. అరచెయ్యి పైకెత్తింది.

గట్టిగొంతు చెయ్యి లేచింది. ఆ వెనక వరుస. దాని వెనక వరుస. చప్పుడు లేదు, చేతులే.

"ఏమిటా సైగలు? ఏం చెప్పుకుంటున్నారు?" మేనేజరు గొంతు కీచుమంది. పోలీసులు లాఠీలు సర్దుకున్నారు. ఒకడు కూతురి రెక్క పట్టుకున్నాడు.

"ఆఖరిసారి అడుగుతున్నా. నువ్వన్నావా, లేదా?" అన్నాడు ఆఫీసరు.

చేతులు దిగలేదు. గాలికి తెర మీద ఆమె నవ్వు ముడతలు పడుతోంది. కీడమ్మ లాఠీలు చూసింది, కూతుర్ని చూసింది, లారీలను చూసింది.

"అనలేదు," అంది. "చేయించింది మీ పక్కనున్నాయన. ఆ కప్పు కిందికి మేం పోం. నా పిల్లను తీసుకెళ్తే మమ్మల్నందర్నీ తీసుకెళ్లాలి. ఆ రెండు లారీలూ సరిపోవేమో బాబూ, ముందే చూసుకోండి."