తెల్లటి పొడి

ఆ ఇంటి వెనక గదిలో ఇంటాయన చేసే సేవ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఉడికించి ఆరబెట్టిన గడ్డిని సంచుల్లో కూరి, విత్తనం చల్లి, తాళ్లకు వేలాడదీశాడు. సంచుల గాట్లలోంచి ముత్యపు చిప్ప పుట్టగొడుగులు గుత్తులుగా పొడుచుకొస్తున్నాయి. రోజుకు మూడుసార్లు వాటికి నీటి తుంపర. ఏ సంచి మీదైనా పచ్చటి బూజు కనబడితే ఆ పూట అతనికి అన్నం సహించదు.

ఆ గదిలోనే అతని భార్య దగ్గుతూ కోత కోసేది. అది మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు.

"తడిలో తిరుగుతావు, జలుబు కాక మరేమిటి?" అనేవాడు. ఆమె నవ్వి మళ్లీ కోతలో పడేది. గొడుగులు ఇంకో రోజు విప్పారితే తూకం పెరుగుతుందని అతను కోత ఆపేవాడు. ఈలోగా అంచులు పైకి తిరిగి, తెల్లటి పొడి రాలి గదంతా కమ్ముకునేది.

ఒక ఉదయం ఆమె ఊపిరాడక గడపలోనే కూలబడింది. అత్తగారు కొడుకు మీద విరుచుకుపడింది.

"సంచికి బూజు పడితే పరుగులు పెడతావే, దీనిది ప్రాణం కాదట్రా? పద ఆస్పత్రికి!"

"దగ్గు ఎన్నాళ్ల నుంచి?" అడిగింది డాక్టరమ్మ.

"వారం నుంచండీ," అన్నాడు భర్త.

"నాలుగు నెలలు," అంది ఆమె నెమ్మదిగా.

ఏం పని చేస్తారో విని డాక్టరమ్మ మళ్లీ అడిగింది. "ఇప్పుడున్న సంచులు కట్టి ఎన్నాళ్లయింది?"

"ముప్పై రెండు రోజులండీ," తడుముకోకుండా చెప్పాడు. చెప్పాక సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"పుట్టగొడుగులు రాల్చే పొడి ఈవిడ ఊపిరితిత్తులకు పడలేదు. ఇప్పటికైనా తెచ్చారు, నయమవుతుంది. ఈవిడ ఇక ఆ గది గుమ్మం తొక్కకూడదు. మీరు వెళ్లినా మాస్కు తప్పదు. అంచులు కిందికి వంగి ఉండగానే కోసెయ్యండి."

మర్నాటి నుంచి కోత అతనిదే. మాస్కు కట్టుకుంటే తల్లి "అచ్చం దొంగలా ఉన్నావురా" అని నవ్వింది. లేతగా కోసినవాటిని ఉల్లిపాయలు, మిరియాలతో వేయిస్తే వెన్నలా ఉన్నాయి. "ఇన్నాళ్లూ చెప్పుముక్కలు నమిలామన్నమాట!" అందావిడ. మందులు పనిచేశాయి. మూడో నెలకు కోడలు దగ్గకుండా నవ్వగలిగింది. ఆ నవ్వు విని అతనికి కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు ఎవరైనా సాగు నేర్చుకోవడానికి వస్తే అతను నేరుగా సంచుల దగ్గరికి తీసుకెళ్లడు. ముందు కూర్చోబెట్టి, ఇంట్లో కోత ఎవరు కోస్తారని అడుగుతాడు.

"మా ఆవిడేనండీ," అంటారు చాలామంది.

"అయితే ఇంటికెళ్లి, ఒంట్లో ఎలా ఉందని ఆవిణ్ణి అడిగి రండి. పంటకు వంద జాగ్రత్తలు చెప్తాను, కానీ పంట పండించే మనిషి ఆరోగ్యమే మొదటి జాగ్రత్త."