ముందున్న మాట

రేవు ఆఫీసు అయిదున్నరకు మూసేవారు. టైపిస్టు ఇల్లు చేరి, చెప్పులు విప్పి, మరదలిచ్చిన టీ అందుకునే వేళకి ఆమె తమ్ముడూ వచ్చేవాడు. అతనికి తలుపు తీయక్కర్లేదు. తడి బట్టలతోనే వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. నేల తడిసేది కాదు, కుర్చీ కిర్రుమనేది కాదు. మరదలు భర్త ముందు కూడా ఓ గ్లాసు పెట్టి, చల్లారాక తనే తాగేది.

అతని పడవ మునిగి ఆరేళ్ళయింది. శవం దొరకలేదు. ఆఫీసు జాబితాలో అతని పేరుకెదురుగా "ప్రిజ్యూమ్డ్ డెడ్" అని ఉండేది.

"డెడ్ అంటే పోయాడని. ప్రిజ్యూమ్డ్ అంటే పోయాడని వాళ్ళు అనుకుంటున్నారు, అంతే," అని టైపిస్టు మొదట్లోనే మరదలికి చెప్పింది. ఆ సందులోంచే అతను వచ్చిపోతున్నాడు.

ఎదురింటావిడ ఓసారి మరదల్ని అడిగింది. "మీ ఆయన్ని మా తలుపు గడియ కాస్త బిగించమనవే."

"సుత్తి చేతిలో నిలవదు పిన్నీ. కూర్చోడం వరకే."

"మా ఆయనా అంతేలే. మీ ఆయనకి సాకైనా ఉంది."

మరదలు ఒకే ఒక్కసారి అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. చెయ్యి వెళ్ళి కుర్చీ చెక్కకు తగిలింది. మళ్ళీ ప్రయత్నించలేదు.

ఏటా జాబితా కొత్తగా టైపు చేసి పాతది చించేస్తారు. ఆ రోజు మరదలు గుమ్మం దాకా వచ్చేది. "ఆ మాట మరవకు వదినా."

ఈ ఏడు టైపిస్టు కసురుకుంది. "చంటిదానికి చెప్పినట్టు ఏంటే? పొయ్యి ఆర్పడం మరిచానేమో గానీ మాటలు మరవను."

ఆఫీసులో తీసి చూస్తే, పాత కాగితాన్ని సరిగ్గా తమ్ముడి పేరు పక్కనే పురుగు కొట్టేసింది. డెడ్ ఒక్కటే మిగిలింది. ముందున్న మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ముప్ఫై ఏళ్ళుగా డిక్షనరీ చూసి రాసుకున్నది. ఉన్నదానికీ కనపడేదానికీ మధ్య తిరిగే మాటలన్నీ ఒక్కచోటే ఉన్నాయి. అపరెంట్‌లీ: పైకి చూస్తే. వర్చువల్లీ: అయినంత పనీ. మరిచిపోనన్న ధీమాతో ఆ ఒక్క మాటా రాసుకోలేదు.

పేజీ అడుగున ఇంకోటుంది. ఎవిడెంట్‌లీ: కళ్ళకు కనపడుతున్నట్టు.

రోజూ కళ్ళకు కనపడేవాడే కదా, అనుకుంది. డెడ్ ముందు అదే టైపు కొట్టింది. మిగతా అర్థం వెనక పేజీలో ఉంది: సందేహానికి తావు లేకుండా. ఆమె పేజీ తిప్పలేదు. ఆఫీసరు సంతకం పెట్టి పాత కాగితం చించేశాడు.

ఆ సాయంత్రం కుర్చీ కిర్రుమంది.

మరదలు వంటింట్లోంచి పరుగున వచ్చింది. అతని చొక్కా అంచు నుంచి నీళ్ళు కారి నేల మీద మడుగు కడుతున్నాయి. ఆమె మెల్లగా భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి ఆగింది.

"వదినా, తగిలాడు," అంది నవ్వుతూ.

అతని తల ఒక పక్కకి వాలిపోయింది. మరదలు రెండు చేతులా పట్టుకుంది.

"ఇంత చల్లగా ఉన్నాడేంటి వదినా?"

అప్పుడు వచ్చింది టైపిస్టు నోటికి ఆ మాట, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.