ముందు నడిచే పొయ్యి

పొద్దు పొడవకముందే కసిమిరా బయల్దేరేది. వీపు మీద కుండ, రొమ్ముకి కట్టుకున్న బిడ్డ, చంకలో పొయ్యిలోకి లామా జంతువుల ఎండు పేడ సంచి. పెరూ కొండల్లో స్పెయిన్ రాజు సేనల మీద పోరాడుతున్న స్వాతంత్ర్య దండులో అదే పద్ధతి: ఆడవాళ్ళు ముందు నడిచి, మగవాళ్ళు సాయంత్రం దిగబోయే చోట పొయ్యి వెలిగించి ఉంచాలి. తుపాకీకి జీతం ఉంది, కుండకి లేదు.

కనుమ ఎక్కే ముందు బిడ్డకి జ్వరం వచ్చింది. కింది ఊళ్ళో ఆగుతానని, దండు వెనకాల మందుగుండు మూటలకి కాపలా కాసే మొగుడు అనిసేతోని అడిగింది.

"నువ్వు ఆగితే నాకు కూడెవరు వండుతారే? స్పెయిన్ రాజు పంపిస్తాడా?"

పక్కనున్న సిపాయిలు నవ్వారు. ఆ నవ్వు చూసుకుని అదే మాట ఇంకోసారి అన్నాడు.

కనుమ మీద, మంచులో, బిడ్డ పోయాడు. గడ్డకట్టిన నేల తవ్వలేక రాళ్ళు పేర్చింది. తోటి ఆడవాళ్ళు సాయం పట్టారు, తొందరా పెట్టారు. పొయ్యి ఆలస్యమైతే వాళ్ళ వీపులూ చిట్లుతాయి. ఆ చేతులతోనే సాయంత్రం చారు కాచింది. అనిసేతో తిన్నాడు, ఉప్పు తక్కువన్నాడు, తర్వాత బిడ్డేడని అడిగాడు. చెప్పింది. చెంచా కాసేపు ఆగింది. మళ్ళీ కదిలింది.

అప్పుడే, రేపటి పోరుకి వరుసలు చెబుతూ సార్జెంటు వచ్చాడు. దండుతో వస్తున్న కల్నల్ భార్యకి పాలు ఎండిపోయాయట, పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోందట.

కసిమిరా నోరు తెరవకముందే అనిసేతో లేచి, తన భార్యకి ఉన్నాయని చెప్పేశాడు. ఆమె వైపు వంగి గొంతు తగ్గించాడు.

"ఎలాగూ వృథా పోయేవేగదే. నన్ను కార్పొరల్ని చేస్తారు."

పెళ్ళైనప్పటి నుంచి తను మోసిందంతా ఆమె తక్కెడలో ఒక పక్క వేసి చూసుకుంది: బరువులు, నడక, దెబ్బలు, రాళ్ళ కింద పడుకున్నవాడు. రెండో పక్క అతని భుజానికి ఒక కార్పొరల్ గుడ్డపట్టీ. బేరం అతను కుదిర్చినా సరుకు ఆమెది. ధర ఆమే చెప్పాలి.

పసిదాని తప్పేం లేదు. పాలిచ్చింది. అది నిద్రపోయాక, ఏం కావాలో అడగమన్నాడు కల్నల్. అనిసేతో టోపీ సర్దుకుని ముందుకొచ్చేలోపే కసిమిరా అంది.

"నాకేం వద్దు దొరా. మా ఆయన్ని కార్పొరల్ని చేసి, రేపటి పోరులో మొదటి వరుసలో పెట్టండి. వెనకాల మందుగుండు మూటలకి కాపలా అంటే ఆయనకి నామోషీ. రోజూ నా దగ్గర బాధపడుతుంటాడు."

కల్నల్ మెచ్చుకుని అతని భుజం తట్టాడు. అందరి ముందు కాదనలేక అనిసేతో టోపీ తీసి వంగాడు. పెదాలు మాత్రం పాలిపోయాయి.

కసిమిరా పొయ్యి దగ్గరికి వచ్చి, రేపు రాత్రి చారుకోసం ఎండు బంగాళదుంపలు తీసింది. ఇద్దరికని తీసిన వాటిలో సగం మళ్ళీ సంచిలో పోసి, మిగతావి నానబెట్టింది.